వియత్నాం వెళ్లొచ్చాం: తిండి, కాఫీ, గుళ్లు... మధ్యలో మన అరకు, ఆత్రేయపురం కూడా

సంచారి_రాజమండ్రి

అందరికీ నమస్కారం. ఈ చలికాలం ఇంటిల్లిపాదీ వియత్నాం వెళ్లొచ్చాం. హనోయిలో దిగి, నిన్ బిన్, డా నాంగ్, హోయ్ అన్ చూసుకుంటూ కిందికి సైగాన్ దాకా వెళ్లాం. టికెట్లు, హోటల్ రేట్ల గురించి ఇక్కడ ఇప్పటికే బోలెడు చర్చలున్నాయి, వాటి జోలికి పోను. తిన్నవీ తాగినవీ చూసినవీ రాస్తాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ ఊరి తిండి ఆ ఊళ్లో, ఆ ఊరివాళ్లు తినే వేళకి, వాళ్లు కూర్చునే చోట కూర్చుని తినాలి. దారిలో కలిసిన మనవాళ్లు చాలామంది పొద్దున హోటల్లో బ్రెడ్డు, మధ్యాహ్నం ఇండియన్ బఫే, రాత్రికి మళ్లీ అదే. బస్సు దిగడం, ఫోటో తీసుకోవడం, బస్సెక్కడం. అంత దూరం వెళ్లి ఆ దేశం రుచి నాలుక్కి తగలకుండా వచ్చేస్తున్నారంటే నాకు నిజంగా బాధేసింది.

హనోయి పాతబస్తీలో పొద్దున ఆరింటికే పేవ్‌మెంట్ల మీద మోకాలెత్తు కూడా లేని ప్లాస్టిక్ స్టూళ్లు వేసేస్తారు. ఆఫీసుకెళ్లేవాళ్లు, బడిపిల్లలు, ముసలివాళ్లు అందరూ అక్కడే కూర్చుని ఫో తింటారు. మేము తిన్నది చికెన్ ఫో. వెడల్పాటి బియ్యపు నూడుల్స్ మీద ఉడికించిన కోడి ముక్కలు, ఉల్లికాడలు వేసి, పైనుంచి మరిగే రసం పోసి ఇస్తారు. ఆ రసం కోసం ఎముకల్ని గంటల తరబడి ఉడకబెడతారు. అందులో వేసే అల్లం, ఉల్లిపాయల్ని ముందుగా నిప్పుల మీద నల్లగా కాల్చి, పైపొర తీసేస్తారు. మనం పచ్చడికి వంకాయ కాల్చినట్టే. ఆ కాలిన వాసనే రసానికి ప్రాణం. బీఫ్ ఫోలో అనాసపువ్వు, దాల్చినచెక్క గట్టిగా తెలుస్తాయట, చికెన్‌ది తేలిగ్గా ఉంటుంది. బల్ల మీద నిమ్మచెక్కలు, పచ్చిమిర్చి ముక్కలు, వెల్లుల్లి నానేసిన వెనిగర్ ఉంటాయి. ఎవరికి కావలసినంత వాళ్లు వేసుకోవడమే.

ఇక కాఫీ. అక్కడ మనిషికొక చిన్న ఫిల్టర్ ఇస్తారు, దాన్ని ఫిన్ అంటారు. అడుగున కండెన్స్‌డ్ మిల్క్ పోసిన గ్లాసు మీద ఈ గిన్నె పెట్టి, పొడి వేసి, చిల్లుల బిళ్లతో అదిమి, వేడినీళ్లు పోస్తారు. చుక్కచుక్కగా దిగుతుంది. తెల్లటి పాల మీద నల్లటి డికాషన్ కలవకుండా పొరలా నిలబడుతుంది. పూర్తిగా దిగేదాకా ఎవరూ తొందరపడరు. ఆ తర్వాత చెంచాతో అడుగునుంచి తిప్పి, ఐసుముక్కల మీద పోసుకుంటారు. చిక్కగా, చేదుగా, చివర చాక్లెట్ రుచితో ఉంటుంది. దాదాపు 25 వేల నుంచి 40 వేల డాంగ్‌లు, అంటే మన డబ్బుల్లో వంద రూపాయలకి కాస్త అటూ ఇటూ.

మిగతాది రేపు రాస్తాను. ప్రశ్నలుంటే అడగండి.

బెజవాడ_శాకాహారి

చాలా బాగా రాశారండీ. మా ఇంట్లో అందరం శాకాహారులం. ఎముకల రసం అని చదవగానే భయమేసింది. అక్కడ మాలాంటి వాళ్లు ఏం తినాలి? మావారు పచ్చళ్లు, పులిహోర పొడి, కుక్కర్‌తో సహా పట్టుకెళ్దామంటున్నారు.

సైగాన్_తెలుగోడు

బెజవాడ గారూ, నేను ఉద్యోగరీత్యా హో చి మిన్ సిటీలోనే ఉంటున్నాను. ఊరి పాతపేరు సైగాన్, ఇక్కడివాళ్లు ఇప్పటికీ అలాగే అంటారు. నేనూ శాకాహారినే. కుక్కర్ మోసుకురానక్కర్లేదు.

రెండే మాటలు గుర్తుపెట్టుకోండి: 'ఆన్ చై'. అంటే శాకాహారం తింటాను అని. 'కామ్ చై' అని బోర్డున్న హోటళ్లు ప్రతి ఊళ్లో ఉంటాయి. ఇక్కడ బౌద్ధులు చాలామంది చాంద్రమాన నెలలో మొదటి రోజు, పదిహేనో రోజు మాంసం ముట్టరు. అంటే దాదాపు మన అమావాస్య వెళ్లిన మర్నాడు, పౌర్ణమి. ఆ రెండు రోజులూ మామూలు హోటళ్లలో కూడా చై వంటలు పెడతారు. టోఫు, పుట్టగొడుగులు, పనసకాయ, అరటిపువ్వు ఎక్కువగా వాడతారు. అరటిపువ్వు సలాడ్ తప్పక తినండి.

అయితే ఒక జాగ్రత్త. మామూలు హోటల్లో 'మాంసం వద్దు' అని మాత్రం చెబితే సరిపోదు. కూరగాయల వేపుడులో కూడా నుఓక్ మామ్ పోస్తారు. అది చేపల సాస్. చై హోటల్‌కి వెళితే ఆ టెన్షన్ ఉండదు. కొన్నిచోట్ల కోడిగుడ్డు వాడతారు కాబట్టి అది మాత్రం విడిగా అడగండి. హనోయిలో పేరుమోసిన ఎగ్ కాఫీ కూడా మీకు పనికిరాదు. 1946లో పాలు దొరక్క, ఓ హోటల్ ఉద్యోగి గుడ్డు పచ్చసొనని గిలక్కొట్టి కాఫీ మీద వేశాడు. అలా మొదలైంది. దానికి బదులు కొబ్బరి కాఫీ తాగండి.

నెల్లూరు_చేపలపులుసు

నుఓక్ మామ్ మాట వచ్చింది కాబట్టి నేనూ రెండు ముక్కలు. నేను ఫు క్వాక్ దీవికి వెళ్లాను. అక్కడ సాస్ తయారుచేసే కొట్టాలు చూపిస్తారు. మనిషికన్నా ఎత్తున్న చెక్క పీపాల్లో చిన్న నెత్తళ్లు, ఉప్పు పొరలుపొరలుగా వేసి దాదాపు ఏడాదిపాటు మాగబెడతారు. అడుగున కుళాయి నుంచి తేనెరంగు ద్రవం దిగుతుంది. మొదట దిగేది మేలైనది, ధర కూడా దానికే ఎక్కువ.

లోపలికి అడుగుపెట్టగానే వాసన ముఖానికి కొడుతుంది. ఎండుచేపల వాసన ఎరిగిన మా నెల్లూరోళ్లకి అదో లెక్క కాదు. పచ్చిగా వాసన చూసి ముఖం తిప్పుకునేవాళ్లు, నిమ్మరసం, చక్కెర, వెల్లుల్లి, మిరపకాయ కలిపాక ఒక్కసారి నంజుకుని చూడాలి. పులుపు, తీపి, ఉప్పు, కారం నాలుగూ సమానంగా తగులుతాయి. మన పులుసులో కూడా వెతికేది ఆ సమతూకాన్నే కదా.

లగేజీ_హైదరాబాద్

సంచారి గారితో నేను పూర్తిగా ఒప్పుకోను. మా అమ్మానాన్నలకి డెబ్భై దాటాయి, షుగరు, బీపీ ఉన్నాయి. వాళ్లని మోకాలెత్తు స్టూలు మీద కూర్చోబెట్టి పచ్చి ఆకులు తినమనలేను. ప్యాకేజీలో వెళ్లాం, ఇండియన్ బఫేలో పప్పు, అన్నం, పెరుగు దొరికాయి, వాళ్లు ఆరోగ్యంగా తిరిగొచ్చారు. హా లాంగ్ బే పడవ మీద మా అమ్మ ముఖంలో కనిపించిన సంతోషం చాలు నాకు. రుచి చూడకపోతే దేశం చూడనట్టే అనడం సరికాదు.

సంచారి_రాజమండ్రి

లగేజీ గారూ, పెద్దవాళ్ల విషయంలో మీ మాటే నా మాట. వాళ్లకి ఏది పడితే అదే పెట్టాలి. మా అత్తగారు కూడా మాతో వచ్చారు. ఆవిడకి పగలు తెల్లన్నం, ఉడికించిన కూరలు, రాత్రికి 'చావ్' అనే బియ్యపు జావ తీసుకున్నాం. ఆ జావ ప్రతి వీధిలో దొరుకుతుంది, ఒంట్లో బాగోలేనివాళ్లకి అక్కడివాళ్లు పెట్టేది కూడా అదే. నేను బాధపడింది ముప్పై ఏళ్ల కుర్రవాళ్లు, ఒంట్లో ఏ ఇబ్బందీ లేనివాళ్లు కూడా గుంపుగా బఫేలోకి పోవడం చూసి. వాళ్లకి బున్ చా (నిప్పుల మీద కాల్చిన పంది మాంసం, నూడుల్స్) వాసన పక్క వీధిలోంచే వస్తోంది. మా ప్యాకేజీ గైడు కూడా మొదటిరోజు మమ్మల్ని అటే లాక్కెళ్లాడు. రెండో రోజు నుంచి తిండి మేమే చూసుకుంటామని చెప్పేశాం.

హోయ్ అన్ గురించి రాస్తాను. పసుపు గోడల పాత రేవుపట్నం. ఒకప్పుడు జపాన్, చైనా వర్తకులు కాపురాలున్న ఊరు, జపాన్‌వాళ్ల పేరుతో కప్పున్న వంతెన ఇప్పటికీ ఉంది. 1999లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. సాయంత్రం తూ బోన్ నదిలో లాంతర్లు వదలడం అందరూ ఫోటోలు తీసేదే. నాకు బాగా నచ్చింది మాత్రం పొద్దున్నే మార్కెట్. తులసి, పుదీనా, కొత్తిమీర, ఇంకా నాకు పేరు తెలియని ఆకులు గంపలకొద్దీ. అక్కడ భోజనంలో సగం పచ్చి ఆకులే. కావ్ లావ్ అని ఒక నూడుల్స్ ఆ ఊళ్లోనే చేస్తారు. బియ్యాన్ని కట్టెబూడిద నీళ్లలో నానబెట్టి చేయడం వల్ల నూడుల్స్ కాస్త ముదురు రంగులో, నమిలితే గట్టిగా ఉంటాయి. ఫలానా పాతబావి నీళ్లే వాడాలని ఊళ్లో చెప్పుకుంటారు. మామూలుగా పంది మాంసంతో ఇస్తారు. మేము టోఫుతో చేయించుకున్నాం.

గుంటూరు_శిల్పం

హోయ్ అన్ దాకా వెళ్లి 'మీ సన్' అనే పాత గుళ్ల లోయ గురించి రాయకుండా ఆగిపోయారేంటి సంచారి గారూ! అక్కడికి దాదాపు 40 కిలోమీటర్లే కదా.

సంచారి_రాజమండ్రి

దానికి విడిగా రాద్దామని ఆగాను. మీరే మొదలుపెట్టండి, మీకే బాగా తెలిసినట్టుంది.

గుంటూరు_శిల్పం

సరే, రాస్తాను. తిండి గురించి కాదు కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

మీ సన్ ఒక లోయ. చుట్టూ కొండలు, మధ్యలో ఎర్ర ఇటుకల శైవాలయాలు. ఒకప్పుడు మధ్య వియత్నాంని ఏలిన చంపా రాజులు 4వ శతాబ్దం నుంచి 13వ శతాబ్దం దాకా కట్టుకుంటూ వచ్చారు. మొదట గుడి కట్టించిన రాజు భద్రవర్మ, దేవుడి పేరు భద్రేశ్వరుడు. సంస్కృత శాసనాలు ఇప్పటికీ ఉన్నాయి. ఇటుకకీ ఇటుకకీ మధ్య సున్నం గీత కనిపించదు. చెట్టు జిగురుతో అతికించారని ఒక వాదన. ఇటుకలు పేర్చాక వాటి మీదే బొమ్మలు చెక్కారు.

1969లో అమెరికా బాంబుల వల్ల అక్కడి అన్నిటికన్నా గొప్ప గోపురం కూలిపోయింది. గుడి పక్కనే బాంబు గుంటలు ఇప్పటికీ కనిపిస్తాయి. గడ్డి మొలిచి ఉంటాయి, గైడు చెబితేగానీ తెలియదు. ఈమధ్య సంవత్సరాల్లో మన భారత పురావస్తు శాఖవాళ్లు వెళ్లి కొన్ని గుళ్లని బాగుచేశారు. 2020లో ఆ పనుల్లోనే 9వ శతాబ్దం నాటి ఏకశిలా శివలింగం బయటపడింది.

ఇక మా ప్రాంతం సంగతి. చంపా రాజ్యంలో ఇప్పటి డా నాంగ్, హోయ్ అన్ ఉన్న భాగాన్ని అమరావతి అనేవారు. అక్కడికి దగ్గర్లోని డోంగ్ డువాంగ్‌లో 875లో రాజు ఇంద్రవర్మ పెద్ద బౌద్ధ విహారం కట్టించాడు. ఆ చోట 1911లో ఒక కంచు బుద్ధుడు దొరికాడు. కుడిభుజం వదిలి, ఒంటిమీద వస్త్రం మడతలు మడతలుగా జారే తీరు చూడగానే మన కృష్ణాతీరం శిల్పం గుర్తొస్తుంది. అమరావతి శైలి ప్రభావం గురించి పండితులు చాలాకాలంగా రాస్తూనే ఉన్నారు. ఎక్కడ పోతపోశారన్నది మాత్రం తేలలేదు. ఆ బుద్ధుడు సైగాన్ చరిత్ర మ్యూజియంలో ఉన్నాడు. సైగాన్ వెళ్లే తెలుగువాళ్లెవరైనా ఒక్క గంట కేటాయించి చూడండి. డా నాంగ్‌లో 1919లో తెరిచిన చామ్ (చంపా) శిల్పాల మ్యూజియం కూడా వదలొద్దు.

ఓరుగల్లు_పోరడు

అన్నా, ఇటుకల మాట చెప్తుంటే మా రామప్ప యాదికొచ్చింది. 1213 నాటి గుడి. రామప్ప గోపురానికి వాడిన ఇటుకలు నీళ్లల్ల తేలుతయ్. కింది రాతి మీద బరువు పడొద్దని అంత తేలికగ చేసిన్రు. 2021ల యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. అక్కడ ఇటుక మీద శిల్పం చెక్కుడు, ఇక్కడ ఇటుకని తేల్చుడు. రెండు దిక్కులా మట్టితోనే ఎంత పనితనం చూపెట్టిన్రో చూడున్రి. వియత్నాం పోయొచ్చినోళ్లు ఒకసారి పాలంపేట కూడా వచ్చి పోవాలె.

ఇగ నా ప్రశ్న. తాగుడు సంగతి ఎవ్వలూ రాస్తలేరేంది? బియా హోయ్ అని విన్న, ఎట్లుంటది?

సైగాన్_తెలుగోడు

బియా హోయ్ హనోయి సొత్తు తమ్ముడూ. ఏ రోజుకారోజు తయారుచేసి, స్టీలు డ్రమ్ముల్లో వీధుల్లోకి పంపే పచ్చి బీరు. నిలవ ఉండదు, ఆ రోజే అయిపోవాలి. మత్తు తక్కువ, మూడు శాతం అటూ ఇటూ ఉంటుంది. వేయించిన పల్లీలు, టోఫు పక్కన పెట్టుకుని సాయంత్రం నాలుగింటి నుంచే కూర్చుంటారు.

ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. 2020 జనవరి నుంచి ఇక్కడ తాగి బండి నడపడం మీద చట్టం చాలా గట్టిగా ఉంది, ఒక్క చుక్క తాగినా నేరమే. పైగా మనవాళ్లు వచ్చీ రాగానే స్కూటర్లు అద్దెకి తీసుకుంటారు. ఇండియాలో ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ 1949 నాటి అంతర్జాతీయ రోడ్డు ఒప్పందం కిందది. వియత్నాం గుర్తించేది 1968 ఒప్పందం కిందిదాన్ని. అది లేకుండా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కూడా రాదు. అద్దెకిచ్చేవాడు 'ఏం ఫర్వాలేదు' అంటాడు, నమ్మకండి. యాప్‌లో బైకులు, కార్లు చవగ్గా దొరుకుతాయి.

ఓరుగల్లు_పోరడు

మంచి ముచ్చట చెప్పినవ్ అన్నా. ఏ రోజుదారోజు తాగుడంటే మా కల్లు లెక్కనే. పొద్దుగాల దించిన ఈతకల్లు తియ్యగుంటది, పొద్దెక్కిన కొద్ది పుల్లగైతది. పుల్లగ కాకముందు తాగాలనుకునేటోళ్లకి ఇప్పుడు హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ కూడా ఉంది. గానీ చెట్టు కింద మోదుగాకు దొప్పల పోసుకుని తాగిన రుచి ఏడికెళ్లొస్తది.

సైగాన్_తెలుగోడు

తాటిచెట్టు మాట కూడా చెప్పాలి. ఇక్కడికి పడమర, కంబోడియా సరిహద్దున ఆన్ జాంగ్ అనే ప్రాంతం ఉంది. వరిపొలాల గట్ల మీద తాటిచెట్లు. అచ్చంగా మన తాటిచెట్టే. ఖ్మేర్ (కంబోడియా జాతి) రైతులు వెదురు నిచ్చెన ఎక్కి తాటినీరు దించి, కాచి బెల్లం చేస్తారు. తాటాకులో చుట్టి అమ్ముతారు. ముంజలు ఐసులో వేసి గ్లాసుల్లో పోసి ఇస్తారు. మొదటిసారి చూసినప్పుడు నేను బండి ఆపి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

కోనసీమ_కొబ్బరి

మెకాంగ్ డెల్టా గురించి నాదీ అదే అనుభవం. బెన్ చే అనే చోట కాలవలు, బల్లకట్లు, రెండువైపులా కొబ్బరితోటలు. అమలాపురం నుంచి వెళ్లినవాడికి కొత్తగా అనిపించదు. కాకపోతే వాళ్లు కొబ్బరిని వదలరు. పీచుతో చాపలు, చిప్పలతో గిన్నెలు, పాలతో మిఠాయి. ఆ మిఠాయిని కళ్లముందే కాచి, పొడవుగా సాగదీసి, కోసి, తినగలిగే బియ్యపు కాగితంలో చుడతారు. మన దగ్గర కొబ్బరికి ధర పడిపోయిన ప్రతిసారీ నాకు ఆ చిన్న చిన్న షెడ్లు గుర్తొస్తాయి. మన ఆడవాళ్ల చేతుల్లో అంతకన్నా మంచి పనితనం ఉంది. కొనేవాళ్ల దాకా చేర్చే దారే లేదు.

కాన్ థోలో తేలే మార్కెట్‌కి తెల్లవారుజామునే వెళ్లాలి. ఏ పడవలో ఏ సరుకుందో తెలియడానికి పొడుగాటి గెడకి ఆ కాయనే వేలాడదీస్తారు. అనాస పడవకి అనాస, గుమ్మడి పడవకి గుమ్మడి. రోడ్లు, వంతెనలు వచ్చాక పడవలు బాగా తగ్గిపోయాయని మా పడవావిడ చెప్పింది. చూడాలనుకునేవాళ్లు ఆలస్యం చేయకండి.

ఆత్రేయపురం_ఆడపడుచు

ఇందాక బియ్యపు కాగితం అన్నారు, అది ఎలా చేస్తారో ఎవరైనా చూశారా అన్నయ్యా? మా ఊళ్లో ఇంటింటా పూతరేకులు తీస్తారు. నేను కూడా పెళ్లికి ముందు తీసినదాన్నే.

సంచారి_రాజమండ్రి

చూశానమ్మా. చూస్తున్నంతసేపూ మీ ఊరే గుర్తొచ్చింది. మరిగే నీళ్ల డేగిశా మీద పల్చటి గుడ్డ బిగించి కడతారు. దాని మీద గరిటెతో బియ్యప్పిండి జారు పోసి గుండ్రంగా రాస్తారు, మూతపెట్టి క్షణంలో తీస్తారు. అది ఆవిరికి ఉడికిన పల్చటి అట్టు. సన్నటి వెదురు బద్దతో ఎత్తి, వెదురు తడికెల మీద పరిచి ఎండలో పెడతారు. ఎండాక తడికె గళ్ల గుర్తులు దాని మీద పడతాయి. బజార్లో కొన్న ప్యాకెట్లో కూడా ఆ గళ్లు కనిపిస్తాయి.

ఆత్రేయపురం_ఆడపడుచు

అయితే మా పద్ధతి వేరండీ. మేము కుండని బోర్లించి, కింద ఎండుటాకుల మంట పెడతాం. నానబెట్టి మెత్తగా రుబ్బిన బియ్యాన్ని నీళ్లలా పల్చగా కలుపుకుంటాం. అందులో గుడ్డ ముంచి, రెండు చేతులతో పట్టుకుని, కాలే కుండ మీద ఒక్క లాగు లాగుతాం. గుడ్డ వెనకాలే రేకు తేలిపోతుంది, చేత్తో తీసేయడమే. ఆవిరీ ఉండదు, ఎండబెట్టడమూ ఉండదు. మంట కాస్త ఎక్కువైతే రేకు మాడిపోతుంది, తగ్గితే కుండకి అంటుకుపోతుంది. ఎండాకాలంలో ఆ పొయ్యి ముందు కూర్చోవడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. 2023లో మా పూతరేకులకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, ఆ రోజు మా వీధంతా పండగే. కానీ రేకులు తీసే అక్కలకి వచ్చే కూలి ఇంకా తక్కువే. ఇది చదివినవాళ్లు ఊరు వచ్చినప్పుడు హైవే పక్క షాపుల్లో కాకుండా లోపలికి వచ్చి, తీసేవాళ్ల దగ్గరే కొనండి. నెయ్యి, బెల్లం పొడి మీ ముందే వేసి చుట్టిస్తారు. అప్పుడే తింటే ఆ రుచే వేరు.

పాడేరు_కాఫీతోట

చర్చ మొదటినుంచీ చదువుతున్నా. కాఫీ గురించి అంత ప్రేమగా రాశారు, చాలా సంతోషం సంచారి గారూ. మీరు తాగింది దాదాపు అంతా రోబస్టా అనే రకం. ప్రపంచంలో బ్రెజిల్ తర్వాత ఎక్కువ కాఫీ పండించేది వియత్నామే, రోబస్టాలో వాళ్లదే మొదటి స్థానం. అందులో కెఫీన్ అరబికా అనే ఇంకో రకం కంటే దాదాపు రెట్టింపు, అందుకే ఆ చేదు, ఆ దెబ్బ. ఆ చేదుకి కండెన్స్‌డ్ మిల్క్ బాగా సరిపోతుంది.

మాది అరబికా. సిల్వర్ ఓక్ చెట్ల నీడన, వాటికి మిరియాల తీగలు పాకించి, కింద కాఫీ వేస్తాం. ఒక్కో గిరిజన కుటుంబానికి రెండు మూడెకరాలకి మించి ఉండదు. నవంబరు నుంచి పండ్లు ఎర్రబడతాయి. ఒకే కొమ్మ మీద పచ్చివీ పండువీ కలిసే ఉంటాయి కాబట్టి పండినవే ఏరుకుంటూ అదే చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లాలి. కోసిన పండ్లని నీళ్లలో పోస్తే తాలువి పైకి తేలతాయి, వాటిని తీసేస్తాం. తొక్క ఒలిచి, బంక పోయేదాకా పులియబెట్టి, కడిగి, ఎండబెడతాం. ఎండబెట్టేటప్పుడు మంచు పడినా, వాన పడినా గింజ పాడైపోతుంది. రాత్రిళ్లు లేచి కప్పాలి. 2019లో అరకు అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ షాపు కూడా తెరిచారు.

నా బాధ ఒకటే. అరకు వచ్చే టూరిస్టులు బొర్రా గుహలు చూస్తారు, బొంగు చికెన్ తింటారు, ఫోటోల కోసం వలిసె పూల చేలలోకి దిగుతారు. కాఫీకొచ్చేసరికి దారిపక్క బండి మీద ఇన్‌స్టంట్ పొడి కలిపిన పాలు తాగి 'అరకు కాఫీ బాగుంది' అని వెళ్లిపోతారు.

సంచారి_రాజమండ్రి

మీ మాట అక్షరాలా నిజం. అరకులో నాకు మంచి కాఫీ దొరకాలంటే వెతుక్కోవాల్సి వచ్చింది. వియత్నాంలో బున్ మా తువోట్‌లాంటి కాఫీ ఊళ్లో చిన్న కొట్టువాడు కూడా తమ జిల్లా గింజే వేయించి ఇస్తాడు. మన దగ్గర గింజ పారిస్ దాకా వెళుతోంది, ఆ గింజ పండిన కొండ కింద బడ్డీకొట్టులో మాత్రం దొరకడం లేదు. టూరిజం వాళ్లు రైల్వేస్టేషన్ దగ్గర, గుహల దగ్గర గిరిజన మహిళా సంఘాలకి చిన్న కాఫీ కొట్లు పెట్టిస్తే చాలు. ఒక్కో గ్లాసుకి ఫిన్‌లాంటి ఫిల్టర్ పెట్టి కళ్లముందే దింపి ఇస్తే, తాగినవాడు పావుకిలో పొడి కొనకుండా కదలడు.

విశాఖ_కిరండోల్

అరకు అంటే రైలు గురించి కూడా చెప్పాలి. విశాఖ నుంచి పొద్దున్నే బయల్దేరే కిరండోల్ బండి ఎక్కండి. యాభైకి పైగా సొరంగాలు దాటుతుంది. అద్దాల పెట్టె టికెట్లు దొరకకపోతే మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చున్నా చాలు. వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు ఘాట్ రోడ్డు మంచిది. వియత్నాంలో హ్వే నుంచి డా నాంగ్ రైలు కూడా హాయ్ వాన్ కనుమ దగ్గర సముద్రం అంచునే పోతుంది, చాలా బాగుంటుంది. కానీ మన అనంతగిరి కొండల్లో వర్షాకాలం ఆ పచ్చదనం, సొరంగం దాటగానే కనిపించే జలపాతాలు, నాకు మాత్రం ఇదే గొప్ప.

బెజవాడ_శాకాహారి

ఇంత సమాచారం ఒక్కచోట దొరుకుతుందనుకోలేదు. అందరికీ కృతజ్ఞతలు. కుక్కర్ మానేశాం, ఆవకాయ మాత్రం పట్టుకెళ్తాం. ఏ నెలలో వెళ్లడం మంచిది? వీసా సంగతి కూడా కాస్త చెప్పండి.

సైగాన్_తెలుగోడు

ఆవకాయ లగేజీలో వేయండి, చేతిసంచిలో వద్దు, నూనె కారకుండా రెండు కవర్లు చుట్టండి. వీసా ఆన్‌లైన్‌లోనే, సింగిల్ ఎంట్రీకి 25 డాలర్లు, 90 రోజుల దాకా ఇస్తారు. ప్రభుత్వ సైట్‌లోనే చేసుకోండి, మధ్యవర్తుల సైట్లు అచ్చం అలాగే కనిపించి ఎక్కువ లాగుతాయి.

ఒకే దేశం అయినా వాతావరణం మూడు రకాలు. దక్షిణాన డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలుండవు. మధ్యభాగంలో అక్టోబరు, నవంబరు వానలు గట్టిగా పడతాయి, హోయ్ అన్ వీధుల్లోకి నది వచ్చేస్తుంది. హనోయిలో జనవరికి స్వెటర్ కావాలి. మూడూ కలిపి చూడాలంటే మార్చి బాగుంటుంది. జనవరి చివర, ఫిబ్రవరిలో వాళ్ల కొత్త సంవత్సరం టెట్ వస్తుంది. ఆ వారం అందరూ సొంతూళ్లకి పోతారు, మీకు కావలసిన చిన్న చై హోటళ్లన్నీ మూసేస్తారు. ఆ తేదీలు చూసుకుని బుక్ చేసుకోండి.

ఆత్రేయపురం_ఆడపడుచు

మేము కూడా వెళ్లాలనుకుంటున్నాం అన్నయ్యా. ఆ బియ్యపు కాగితం చేసే ఊరు సైగాన్‌కి దగ్గర్లో ఏదైనా ఉందా? మా అత్తయ్యని కూడా తీసుకొస్తాను, ఆవిడ మా వీధిలో అందరికన్నా పల్చటి రేకు తీస్తారు.

సైగాన్_తెలుగోడు

ఉంది చెల్లెమ్మా. యుద్ధకాలం నాటి కు చి సొరంగాలు చూడటానికి అందరూ వెళ్లే వైపే ఇంకాస్త ముందుకి వెళితే టాయ్ నిన్‌లో ట్రాంగ్ బాంగ్ అనే ఊరుంది. అక్కడ కాగితాన్ని ఎండబెట్టి, నిప్పుల మీద కాల్చి, తర్వాత రాత్రి మంచులో పెట్టి మెత్తబరుస్తారు. తెల్లవారుజామున బయల్దేరితేనే పని చూడగలరు, ఎండ ముదిరేసరికి తడికెలు ఎత్తేస్తారు. తేదీలు ఖాయమయ్యాక నాకు మెసేజ్ పెట్టండి. అక్కడి భాష తెలిసిన మా ఆఫీసు అమ్మాయిని తోడు పంపిస్తాను, మీ అత్తయ్య గారు ఏమడిగినా విడమరిచి చెబుతుంది. వచ్చేటప్పుడు రెండు కట్టలు రేకులు తెచ్చి వాళ్లకి చూపించండి.